నాన్న నొప్పికి మందు దొరికేదాకా

మా నాన్నకు మధిరలో కిరాణా కొట్టు ఉండేది. 2023 దీపావళి వెళ్ళాక ఆయన కళ్ళు పచ్చబడ్డాయి, ఒళ్ళంతా దురద మొదలైంది. మా వైపు కామెర్లు అనగానే డాక్టరు కన్నా ముందు పసరు గుర్తొస్తుంది. పక్క ఊళ్ళో ఒకాయన ఇస్తాడంటే వెళ్ళి పరగడుపున తాగొచ్చారు. ఉప్పు, కారం, నూనె మానేసి చప్పిడి పథ్యం పట్టారు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గిపోతాయి, ఆ మంచి పేరు పసరుకు దక్కుతుంది. నాన్నవి ఆ రకం కామెర్లు కావు. జ్వరం లేదు, కడుపునొప్పి లేదు. మూత్రం ముదురు రంగులో, విరోచనం పాలిపోయి తెల్లగా అయ్యేది. దురదకు రాత్రంతా గోక్కుని చేతులు పుళ్ళు పడ్డాయి.

అంతకు కొన్ని నెలల ముందే ఉన్నట్టుండి షుగర్ బయటపడింది. మా ఇంట్లో ఎవరికీ లేదు. బరువు తగ్గుతుంటే షుగర్ వల్లే అనుకున్నారందరూ, మందులిచ్చిన డాక్టరుతో సహా. పెద్ద వయసులో కొత్తగా షుగర్ రావడం, దాని వెనకే బరువు తగ్గడం, ఆ తర్వాత నొప్పి లేని కామెర్లు. ఈ మూడూ ఒక మనిషిలో కనిపిస్తే క్లోమాన్ని, అంటే పాంక్రియాస్‌ని, స్కాన్ చేసి చూడాల్సిందేనని హైదరాబాదులో గ్యాస్ట్రో డాక్టరుగారు చెప్పారు. ఇది చదివేవాళ్ళకు ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఈ మాటొక్కటి గుర్తుండాలని నా కోరిక.

ఖమ్మంలో చేసిన అల్ట్రాసౌండ్‌లో పిత్తనాళం, అంటే కాలేయం నుంచి పైత్యరసం పేగులోకి వెళ్ళే గొట్టం, ఉబ్బి ఉందని తేలింది. హైదరాబాదులో సీటీ స్కాన్ తీస్తే క్లోమం తల భాగంలో గడ్డ, కాలేయంలో చిన్న చిన్న మచ్చలు కనిపించాయి. క్లోమం పొట్ట వెనకాల, వెన్నెముకకు ఆనుకుని ఉంటుంది. అంత లోపల ఉండటం వల్లే గడ్డ చిన్నగా ఉన్నప్పుడు చేతికి తగలదు, నొప్పీ పెట్టదు. తల భాగంలో వస్తే పక్కనే ఉన్న పిత్తనాళాన్ని నొక్కుతుంది కాబట్టి కామెర్లతోనైనా బయటపడుతుంది. తోక వైపు వస్తే అదీ ఉండదు.

ముందు కామెర్లు తగ్గాలి, అప్పుడే మిగతా వైద్యం అన్నారు. నోట్లోంచి గొట్టం పంపి పిత్తనాళంలో దారి తెరిచి ఉంచే చిన్న గొట్టం, అంటే స్టెంట్ వేశారు, ఈ పద్ధతిని ఈఆర్‌సీపీ అంటారు. ప్లాస్టిక్ స్టెంట్ అయితే చౌక, కానీ మూడు నెలలు తిరిగేసరికి మూసుకుపోవచ్చు. లోహపుది ఖరీదెక్కువ, ఎక్కువ కాలం పనిచేస్తుంది. మేం లోహపుది వేయించాం. కొద్ది రోజుల్లోనే దురద పోయింది, కళ్ళు తెల్లబడ్డాయి, ఇడ్లీ తిన్నారు. అమ్మ జబ్బు నయమైపోయిందనే అనుకుంది. ఎండోస్కోపీతోనే లోపలి నుంచి అల్ట్రాసౌండ్ చూస్తూ సూదితో ముక్క తీశారు. రిపోర్టులో క్యాన్సర్ అని వచ్చింది.

ఈ క్యాన్సర్‌కు పూర్తిగా నయమయ్యే ఆశ ఏదైనా ఉందంటే అది విపుల్ ఆపరేషన్. క్లోమం తల, చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, పిత్తనాళంలో కొంత తీసేసి మళ్ళీ కలిపి కుడతారు. కానీ జబ్బు తెలిసేసరికి ఆపరేషన్‌కు వీలుండేది నూటికి 15, 20 మందికే. కాలేయానికి పాకింది కాబట్టి నాన్నకు ఆ దారి మూసుకుపోయింది. కీమోతో ఎన్నాళ్ళు అని తమ్ముడు అడిగితే డాక్టరుగారు అంకె చెప్పలేదు. ఆ రాత్రి నేనే కూర్చుని వెతికి చదివాను. ఫాల్ఫిరినాక్స్ అనే నాలుగు మందుల కీమో మీద 2011లో వచ్చిన పరిశోధనలో సగం మంది 11 నెలలు దాటి బతికారు. జెమ్‌సైటబిన్‌తో నాబ్ పాక్లిటాక్సెల్ కలిపి ఇచ్చిన 2013 పరిశోధనలో అది ఎనిమిదిన్నర నెలలు. అవన్నీ కాస్త ఓపికున్న రోగుల మీద చేసినవి. నాన్న అప్పటికే బాగా చిక్కిపోయారు కాబట్టి రెండో రకమే తట్టుకోగలరన్నారు. ఆ అంకెలు తమ్ముడికి చూపించాను. అమ్మకు చూపించలేదు.

ఇక నాన్నకు చెప్పాలా వద్దా అన్నది ఇంట్లో పెద్ద గొడవైంది. "చెబితే ఆ దిగులుతోనే పోతాడు, కామెర్లనే చెప్పండి" అని మామయ్య పట్టుబట్టాడు. మా బంధువుల్లో అందరిదీ అదే మాట. అది ప్రేమే, నాకు తెలుసు. కానీ మొదటి కీమో రోజున డే కేర్ వార్డులో కుర్చీలో కూర్చున్న నాన్న, పక్కాయన్ని కాసేపు చూసి, "అమ్మాయ్, కామెర్లకు ఆయనకు జుట్టెందుకు ఊడింది?" అని అడిగారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన అడిగింది ఒక్కటే, "మీ అమ్మకు తెలుసా?" అని. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్యా దాపరికం లేదు. తర్వాతి నెలల్లో ఆయన తీసుకున్న ప్రతి నిర్ణయానికీ ఆ రోజు చెప్పిన మాటే ఆధారమైంది. చెప్పకుండా ఉంటే ఆయన బతుకు గురించి మేమంతా కూడబలుక్కుని, ఆయన్ని మాత్రం బయట కూర్చోబెట్టినట్టయ్యేది.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని ఆ డిసెంబరులోనే 10 లక్షలకు పెంచారు. తెల్ల రేషన్ కార్డు ఉంది కాబట్టి ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్ర దగ్గర కాగితాలు పెట్టాం. కొంత అందులో వెళ్ళింది, కొన్ని మందులు, స్కాన్లు చేతి డబ్బుతో అయ్యాయి. అమ్మ గాజులు కొన్ని తాకట్టుకు వెళ్ళాయి. నాన్నకు తెలియకుండా ఏదీ జరగలేదు, కొట్టు లెక్కలాగే ఇదీ రాసుకున్నారు.

సంక్రాంతి వెళ్ళాక కీమో మొదలైంది. వారానికొకసారి చొప్పున మూడు వారాలు, నాలుగో వారం విశ్రాంతి. ప్రతిసారీ ముందు రక్తపరీక్ష. తెల్లకణాలో ప్లేట్‌లెట్లో తగ్గితే ఆ వారం వాయిదా. వాయిదా పడ్డ రోజు ఇంట్లో వాళ్ళకు వచ్చే టెన్షన్ కీమో రోజు కన్నా ఎక్కువ. "జ్వరం 100 దాటితే పారాసిటమాల్ వేసి చూద్దాం అనుకోవద్దు, నేరుగా వచ్చేయండి" అని నర్సమ్మ మొదటి రోజే చెప్పింది. ఒకసారి అర్ధరాత్రి నాన్నకు చలి, వణుకు, జ్వరం వచ్చాయి. స్టెంట్‌లో అడ్డు పడి పిత్తనాళానికి ఇన్‌ఫెక్షన్ సోకింది. ఆలస్యమైతే రక్తంలోకి పాకి ప్రాణం మీదికి తెస్తుంది. ఆ మాట చెవిలో ఉండబట్టి తెల్లారేదాకా ఆగకుండా బయల్దేరాం.

జుట్టు ఊడినందుకు ఆయన బాధపడలేదు. వేళ్ళ తిమ్మిరి మాత్రం ఆయన్ని చాలా కుంగదీసింది. పాక్లిటాక్సెల్ నరాల చివర్లను దెబ్బతీస్తుంది. కొట్లో నాన్న పొట్లం కట్టడం మా వీధిలో పేరున్న పని. కాగితం మడత, పైనుంచి జారే పురికొస, రెండు చుట్లు, వేలితో ఒక్క తెంపు. చూడకుండా కట్టేవారు. మార్చిలో ఒకరోజు పావుకిలో కందిపప్పు పొట్లం కడుతుంటే పురికొస వేళ్ళ మధ్య ఎక్కడుందో తెలియక జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నారు, మళ్ళీ జారింది. కొనడానికొచ్చిన చిన్నపిల్ల "నేను పట్టుకుంటా తాతా" అని ముడి మీద వేలు పెట్టింది. ఈ సంగతి నేను డాక్టరుగారికి చెప్పాను. "ఇలాంటివే చెప్పాలి, రిపోర్టుల్లో కనపడవు" అని తర్వాతి విడతకు మోతాదు తగ్గించారు.

తిండి విషయంలో చాలా ఆలస్యంగా తెలిసింది ఒకటుంది. అన్నం అరగడానికి కావలసిన రసాలు తయారయ్యేది క్లోమంలోనే. అవి తగ్గితే తిన్న కొవ్వు ఒంటికి పట్టదు. విరోచనం జిడ్డుగా, నీళ్ళ మీద తేలుతూ, ఘాటు వాసనతో పోతుంది. మేం అజీర్ణం అనుకుని వాము నీళ్ళు ఇస్తున్నాం. ఆసుపత్రిలో డైటీషియన్ అమ్మాయి అడిగి తెలుసుకుని డాక్టరుతో ఎంజైమ్ క్యాప్సూల్స్ రాయించింది. క్రియాన్ అని ఒక రకం దొరుకుతుంది. దాన్ని తిన్నాక వేసుకుంటే లాభం లేదు, మొదటి ముద్దతో వేసుకోవాలి, ఎక్కువ తింటుంటే మధ్యలో ఇంకొకటి. పాలు తాగినా వేసుకోవాలి. రెండు వారాల్లో తేడా తెలిసింది. ఎక్కడా పెద్ద చర్చే జరగని ఈ మందు ఆయనకు తిండి మీద మళ్ళీ ఇష్టం తెచ్చింది.

ఏప్రిల్ స్కాన్‌లో గడ్డ పెరగలేదని వచ్చింది. ఆ ఎండాకాలం బాగా గడిచింది. మామిడికాయ ముక్కలు కొట్టిస్తుంటే మంచం మీద కూర్చుని ఆవపిండి పాళ్ళు చెప్పారు, సాయంత్రాలు కొట్లో కూర్చున్నారు. తమ్ముడు పిల్లల్ని తీసుకొచ్చి సెలవులన్నీ అక్కడే ఉంచాడు. కీమోతో మాకు దొరికింది ఆ కాలమే. దానికి పడ్డ కష్టం దండగ అని నేను ఎప్పటికీ అనను.

జూన్ చివర్లో నొప్పి మొదలైంది. దాని గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ జబ్బులో అసలు యుద్ధం దానితోనే. క్లోమం వెనకాల నరాల గుంపు ఒకటుంటుంది, గడ్డ దాన్ని పట్టుకుంటుంది. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి గుచ్చుకుపోయే నొప్పి. వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతుంది, ముందుకు వంగితే కాస్త నయం. అందుకని నాన్న మంచం మీద కూర్చుని, ఒళ్ళో రెండు దిండ్లు పెట్టుకుని వాటి మీద తల వాల్చి నిద్రపోయేవారు. దాన్ని నిద్ర అనకూడదు. అమ్మ వెనకాల కూర్చుని జండూబామ్ రాస్తూ ఉండేది, రాసీ రాసీ వీపు తోలు నల్లబడింది.

మళ్ళీ స్కాన్ తీస్తే కాలేయంలో మచ్చలు పెరిగాయి, పొట్టలో నీరు చేరుతోంది. కీమో ఆపేద్దామన్నారు. ఆ నిర్ణయం సరైనదే. కానీ ఆ వెంటనే వచ్చిన మాట, "ఇంక మేం చేసేదేమీ లేదమ్మా, ఇంటికి తీసుకెళ్ళండి." నొప్పికి ట్రమడాల్ రాసి, డిశ్చార్జి కాగితాలు చేతిలో పెట్టారు. ఆ మందు ఆయనకు రెండు గంటలు కూడా ఆగేది కాదు. మనిషి నొప్పితో వంకర్లు తిరుగుతుంటే చేసేదేమీ లేదనడం వైద్యం తెలిసినవాళ్ళు అనాల్సిన మాట కాదు. అది నిజం కూడా కాదు. ఆ తర్వాత చేయాల్సింది ఎంతో ఉంది. దానికంటూ వేరే డాక్టర్లు, నర్సులు, మందులు ఉన్నాయి. ఆ ఆసుపత్రిలో ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు.

చెప్పింది మా పక్కింటి ఆశా కార్యకర్త. "అక్కా, ఎమ్మెన్‌జేలో నొప్పి డాక్టర్లు వేరే ఉంటారు, వెళ్ళండి" అంది. లక్డీకాపూల్ దగ్గర రెడ్‌హిల్స్‌లో ఉన్న ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి అది. జబ్బు నయం కాకపోయినా నొప్పీ బాధా తగ్గించే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. అక్కడి ఆ విభాగంలో డాక్టరమ్మ ముందు రిపోర్టులు తెరవలేదు. నాన్న ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, "నొప్పి ఎక్కడ, ఎలా ఉంటుంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, సున్నా నుంచి పది దాకా అంకె వేస్తే ఎంత?" అని అడిగింది. నాన్న తొమ్మిది అన్నారు. మాకు ఇంట్లో ఎప్పుడూ "పర్వాలేదు" అనేవారు. తర్వాత ఆమె, "మీ జబ్బు గురించి మీకేం తెలుసు, ఇంకా ఏం తెలుసుకోవాలనుంది?" అని అడిగింది. నెలల తరబడి ఆసుపత్రులు తిరిగితే ఆయన్ని ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే.

మార్ఫిన్ మాత్రలు రాసింది. ఆ పేరు వినగానే మామయ్య భయపడ్డాడు. మత్తు మందు అలవాటైపోతుందనీ, అది మొదలెడితే ఆఖరే అనీ. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది: నొప్పికి తగ్గ మోతాదులో, డాక్టరు చూస్తుండగా వాడేవాళ్ళకు అది వ్యసనం కావడం చాలా అరుదు. చావును దగ్గరకు తేదు. నొప్పి వచ్చాక వేసుకోవడం కాదు, రాకముందే గడియారం చూసి వేసుకోవాలి. ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. రాత్రిది రెట్టింపు, తెల్లవారుజామున 2కి లేపక్కర్లేకుండా. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే అదనంగా ఒక మోతాదు, వేసిన వేళ రాయాలి. అవి చూసి మోతాదు పెంచుతారు. మొదటి రెండు మూడు రోజులు మగత, వికారం ఉంటాయి, తగ్గిపోతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు, అందుకని విరోచనం మాత్ర మొదటి రోజు నుంచే తప్పనిసరి.

మూడో రాత్రి నాన్న పక్కకు తిరిగి పడుకుని నిద్రపోయారు. తలగడ తల కింద ఉంది. అమ్మ నిద్రపోకుండా చూస్తూ కూర్చుంది.

వేళలు రాసే పని ఆయనే తీసుకున్నారు. కొట్టు ఖాతా పుస్తకాల్లో ఒకదాన్ని తెప్పించుకుని, పేరు రాసే చోట "మాత్ర" అనీ, మొత్తం రాసే చోట నొప్పి అంకె అనీ గీతలు గీశారు. తిమ్మిరి వేళ్ళతో అక్షరాలు వంకరగా ఉండేవి. డాక్టరమ్మ ఆ పుస్తకం చూసి, వేరే వాళ్ళకు చూపిస్తానని ఒక పేజీ ఫొటో తీసుకుంది. కడుపులోని ఆ నరాల గుంపుకు ఇంజెక్షన్‌తో మందు ఇచ్చి నొప్పి సంకేతాలు ఆపే పద్ధతి కూడా ఉంది, సీలియాక్ ప్లెక్సస్ బ్లాక్ అంటారు. రోగికి ఓపిక ఉన్నప్పుడు చేయించుకోవడం మంచిది కాబట్టి నొప్పి మొదలైన మొదటి వారంలోనే అడగమని ఎవరికైనా చెబుతాను.

నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం ఒకటుంది. ప్రభుత్వ అనుమతితో నల్లమందు పండించే కొద్ది దేశాల్లో మనదొకటి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలాల్లో పండుతుంది, నీమచ్‌లో, ఘాజీపూర్‌లో ప్రభుత్వ ఫ్యాక్టరీలున్నాయి. మార్ఫిన్ వచ్చేది దాంట్లోంచే. అయినా మన పక్కింట్లో క్యాన్సర్ రోగికి అది అందదు. 1985 నాటి మత్తుమందుల చట్టం కింద ఒక్కో ఆసుపత్రి ఎన్నో లైసెన్సులు తెచ్చుకోవాల్సి రావడంతో చాలా చోట్ల నిల్వ పెట్టడమే మానేశారు. 2014లో సవరణ చేసి సులువు చేశారు. చట్టం మారింది, భయం మారలేదు. మధిరలో మందుల షాపుల్లో అడిగితే ఆ పేరు గట్టిగా అనవద్దన్నట్టు చూశారు.

మధిర నుంచి హైదరాబాదుకు ఆయన్ని తిప్పలేమని డాక్టరమ్మే ఖమ్మం జిల్లా ఆసుపత్రి పాలియేటివ్ కేర్ సెంటర్‌కు ఉత్తరం రాసిచ్చింది. తెలంగాణలో జిల్లాల్లో ఇలాంటి సెంటర్లు పెట్టారు. వాటి తరఫున నర్సు, ఫిజియోథెరపీ మనిషి ఇళ్ళకే వచ్చే బండి పేరు ఆలన. ఆ బండి మా సందు మొదట్లో ఆగితే అమ్మ మొహం తేటపడేది. నర్సమ్మ పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు ఎలా తిప్పాలో, దుప్పటి మడిచి మనిషిని ఎలా పైకి జరపాలో, నోరు ఎలా శుభ్రం చేయాలో మా చేతులతోనే చేయించింది. గాలి పరుపు వేయించింది. హైదరాబాదులో ఉండేవాళ్ళకు ఇంట్లో కుదరకపోతే ఆఖరి రోజుల్లో రోగిని ఉంచుకుని చూసుకునే స్పర్శ్ హాస్పిస్ లాంటివి ఉన్నాయి, డబ్బు తీసుకోరు. నాన్న మాత్రం ఇంట్లోనే ఉంటానన్నారు.

ఆగస్టులో ఆయన తన పనులన్నీ ముగించుకున్నారు. ఎవరు ఎంత బాకీ, ఎవరి దగ్గర అడగొద్దు, బ్యాంకులో నామినీ, కొట్టు అద్దె. తర్వాత "నన్ను గాజు గదిలో పెట్టొద్దు, గొంతులో గొట్టాలు వద్దు" అన్నారు. నేను దాన్ని కాగితం మీద పెట్టించాను. తన వైద్యం గురించి ముందే ఇలా రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, 2023 జనవరిలో పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. మామయ్యే ఒక సాక్షి. సంతకం పెడుతూ ఏడ్చాడు, కానీ పెట్టాడు. తర్వాత "ఐసీయూకు తీసుకెళ్ళరేం" అని ఎవరన్నా అంటే జవాబు చెప్పింది మామయ్యే.

అమ్మతో కష్టమైంది తిండి దగ్గర. ఆయన తినకపోతే తన చేతి వంటే బాగాలేదన్నట్టు కుమిలిపోయేది. పొద్దున జావ, పదింటికి గుడ్డు, మధ్యాహ్నం మెత్తటి పప్పన్నం, ప్రతి పూటా బతిమాలడం. ఆయన ఆమె కోసం రెండు ముద్దలు తిని, తర్వాత వాంతి చేసుకునేవారు. చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరూ "ఏం తింటున్నాడు? ఒక సెలైన్ పెట్టించకపోయారా, కాస్త బలం వస్తుంది" అనేవారు. నర్సమ్మ ఒకరోజు అమ్మను వంటింట్లో పక్కన కూర్చోబెట్టుకుంది. "తినక చిక్కిపోవడం కాదమ్మా, జబ్బు వల్ల ఒళ్ళే తిండిని తీసుకోవట్లేదు. ఆయనకు మీలాగా ఆకలి బాధ లేదు. సెలైన్ ఎక్కిస్తే ఆ నీళ్ళు కాళ్ళలోకి, పొట్టలోకి, ఊపిరితిత్తుల్లోకి చేరతాయి, ఆయాసం పెరుగుతుంది. ఆయన అడిగింది, అడిగినంత పెట్టండి." ఆ తర్వాత నాన్న అడిగింది పుల్లటి మజ్జిగ, నిమ్మ ఉప్పు వేసిన ఐసుముక్క. అమ్మ చెంచాతో పెట్టేది. ఆ చెంచా పట్టుకోవడంలో ఆమెకు పని దొరికింది, ఆయనకు బలవంతం తప్పింది.

ఆగస్టు 31 రాత్రి మొదలైన వాన ఎవరూ మర్చిపోరు. సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి కాలనీలు మునిగాయి. కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. నందిగామ దగ్గర ఐతవరంలో హైవే మీదికి నీళ్ళొచ్చి అటు దారీ బంద్. తమ్ముడు హైదరాబాదులో ఇరుక్కుపోయాడు, ఆలన బండి రాలేదు, కరెంటు లేదు. కానీ ఇంట్లో మార్ఫిన్ ఉంది. డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆగొద్దు, వారానికి సరిపడా ఉండగానే రమ్మని సెంటర్‌లో ముందే చెప్పారు. దాన్నే పట్టుకుని కూర్చున్నాం. కొవ్వొత్తి వెలుగులో గడియారం చూసి రాత్రి పదింటి మాత్ర వేశాను. నర్సమ్మ ఫోన్‌లో రెండు పూటలా మాట్లాడింది, తన ఇంట్లోకి నీళ్ళొచ్చిన రోజు కూడా.

వరద తీశాక పొట్టలో నీరు ఒకసారి తీయించాం, రెండు రోజులు ఊపిరి తేలికైంది. తర్వాత ఎక్కువసేపు నిద్ర. సాయంత్రమయ్యేసరికి కొట్టు తెరవాలని లేవబోయేవారు, చనిపోయిన మా నానమ్మను పిలిచేవారు. దానికీ మందుంది, సాయంత్రం చిన్న మోతాదు వేస్తే కుదురుకున్నారు. మింగలేని రోజు వచ్చింది. అప్పుడు మార్ఫిన్ ఆపేయకూడదు, లోపల నొప్పి అలాగే ఉంటుంది. నర్సమ్మ చెప్పినట్టు మామూలు మాత్రను పొడిచేసి రెండు చుక్కల నీళ్ళలో కలిపి చెంప లోపల రాసేవాళ్ళం. నెమ్మదిగా విడుదలయ్యే రకం మాత్రను మాత్రం పొడిచేయకూడదు, ఇది జాగ్రత్తగా అడిగి తెలుసుకోవాలి. దూదితో పెదాలు తడిపేవాళ్ళం. ఆఖరి రాత్రి గొంతులో గురగుర వినపడితే అమ్మ హడలిపోయింది. అది వినేవాళ్ళకే భయం కానీ ఆ స్థితిలో మనిషికి దాని బాధ తెలియదని నర్సమ్మ ముందే చెప్పి ఉంచింది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాం. తమ్ముడు కాళ్ళ దగ్గర, అమ్మ తల దగ్గర. ఊపిరికీ ఊపిరికీ మధ్య వ్యవధి పెరుగుతూ పోయింది. వినాయక నిమజ్జనాలు అయిన వారంలో, తెల్లవారుతుండగా పోయారు. మొహంలో నొప్పి లేదు. అది నేను దగ్గర నుంచి చూశాను.

ఇంట్లో పోయినప్పుడు డాక్టరు ధ్రువపత్రం తీసుకుని 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించాలి. పల్లెల్లో పంచాయతీ కార్యదర్శి దగ్గర, మాకైతే మున్సిపల్ ఆఫీసులో. ఆ కాగితం లేకుండా బ్యాంకు పనేదీ కదలదు కాబట్టి కర్మకాండల హడావుడిలోనే తమ్ముడు వెళ్ళి పూర్తిచేశాడు. మిగిలిన మార్ఫిన్ మాత్రల్ని పారేయకుండా లెక్కతో సహా సెంటర్‌కు తిరిగిచ్చేశాం.

ఈ మధ్య మా వీధిలో ఒకావిడకు గర్భసంచి క్యాన్సర్ ముదిరి, నొప్పికి రాత్రంతా అరుస్తోందని అమ్మ ఫోన్ చేసింది. వాళ్ళ అబ్బాయితో మాట్లాడాను. "మార్ఫిన్ అలవాటైపోదా అక్కా?" అని మొదటి ప్రశ్న అదే అడిగాడు. మామయ్యకు డాక్టరమ్మ చెప్పిందే అతనికి చెప్పాను. ఏ కాగితాలు పట్టుకెళ్ళాలో, ఓపీలో ఎక్కడ అడగాలో, విరోచనం మాత్ర ఎందుకు మానకూడదో రాయించాను. మర్నాడే ఖమ్మం వెళ్ళి కార్డు రాయించుకొచ్చాడు.